గొడుగు చాటున మడతబందు

దేజోన్,
సెప్టెంబరు 1997.

గౌరవనీయ ప్రతివాదికి, అనగా మా గ్యోంగ్‌నాన్ పిన్నికి, యోన్‌జు నమస్కరించి వ్రాయునది.

ఫోనులో వాదన వద్దు, గొంతు పెంచడానికి వీల్లేని కాగితం మీదే కొట్టుకుందాం అని నువ్వు పెట్టిన నియమాన్ని, విశ్వవిద్యాలయ చర్చావేదికకు అధ్యక్షురాలినయ్యాక కూడా పాటిస్తున్నాను. కాబట్టి నా పక్షంలోని బలహీనతను ముందుగా నేనే ఒప్పుకుంటాను. పేటెంటు అంటే ఆలోచన చుట్టూ కంచె వేసి దారిన పోయేవాళ్ళ దగ్గర సుంకం వసూలు చేయడమేనని నేను ప్రతి వేదిక మీదా వాదించాను, ఇకముందూ వాదిస్తాను. అలాంటిదాన్ని ఈ రోజు ఒక పేటెంటు కోసం నీ గుమ్మంలో నిలబడ్డాను. నవ్వుకో. నవ్వడం అయ్యాక చదువు.

నాకంటే రెండేళ్ళు ముందు చదివిన నమ్‌గుంగ్ హ్యోక్ అన్న సంగతి ఇది. మాటలు తక్కువ, గోళ్ళలో ఎప్పుడూ గ్రీజు. వెల్డింగు దుకాణాల వెనక రేకుల షెడ్డు ఒకటి తీసుకుని మడతఫోనుకు మడతబందు చేశాడు. మామూలు మడతబందుకు తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప మూడో సంగతి తెలియదు. దీనికి తెలుసు. మూతను వేలితో సగం దాకా ఎత్తితే చాలు, మిగతా సగం అదే లేస్తుంది. లేచి, చెంపకు సరిపడే వంపు దగ్గర నిలబడుతుంది. అలలాంటి ఒక గాడి, దానికి ఆనుకున్న చిన్న స్ప్రింగు: కిటుకంతా ఆ రెంటిలోనే ఉంది. విడిభాగాలు కొనేవాళ్ళు ఇద్దరు వచ్చి చూశారు, బార్లీ టీ తాగారు, "పేటెంటు ఉందా?" అని అడిగి వెళ్ళారు. లేదని తేలితే వాళ్ళు ఏం చేస్తారో నీకు నేను చెప్పాలా?

"అన్నా, మా పిన్ని సియోల్‌లో పేటెంటు వకీలు. విదేశీ కంపెనీలన్నీ ఆవిడ గుమ్మం ముందే చెప్పులు విప్పుతాయి" అన్నాను.

"అంత పెద్దావిడ నా రేకుల షెడ్డును పట్టించుకుంటుందా?" అన్నాడు.

"పట్టించుకునేలా చేసే పూచీ నాది" అన్నాను.

బొమ్మలు వేరే కవరులో పెట్టి పంపుతున్నాను. ఎదుటివాడి చేతిలో కత్తి ఉన్నప్పుడు డాలు వద్దనడం సిద్ధాంతం కాదు, మూర్ఖత్వం. ఇదీ నా వాదం. నీ ప్రతివాదం కోసం చూస్తుంటాను.

నీ
యోన్‌జు


సియోల్, యోక్సమ్‌దోంగ్,
అక్టోబరు 1997.

చిరంజీవి యోన్‌జుకు పిన్ని ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. బొమ్మల కవరు విప్పలేదు. అంటించినది అంటించినట్టే తిప్పి పంపుతున్నాను.

ఈ పని నేను చేయలేను. మా కార్యాలయంలో ఎవరూ చేయరు. కారణం అడగకు, అడిగినా చెప్పను. హ్యోక్‌ను వేరొకరి దగ్గరికి వెళ్ళమను. ఎవరి దగ్గరికని కూడా నన్ను అడగకు.

ఇక్కడ విశేషాలేమీ లేవు. ఉదయం తలుపు తీసేసరికి ఫాక్సు యంత్రం కింద కాగితం చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది. సముద్రానికి అవతలి వాళ్ళు నిద్రకు ముందు పంపినది నేను లేచాక చదువుతాను. నేను అలసిపోయి పంపినది వాళ్ళు కాఫీ తాగుతూ చదువుతారు. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల బాగుపడ్డవి గడువులొక్కటే. నిన్న వాళ్ళ వాక్యం ఒకదాన్ని మన భాషలోకి తెచ్చేసరికి నా ఎముకల సూపు చల్లారి పైన కొవ్వు పేరుకుంది. అలాగే తాగేశాను.

నవంబరులో క్యాబేజీ ఊరవేయడానికి మీ అమ్మ రమ్మంటోంది. నడుము సహకరిస్తే వస్తాను.

పిన్ని


దేజోన్,
అక్టోబరు 1997.

శ్రీమతి హా గ్యోంగ్‌నాన్ గారికి,

మీ లేఖ అందినది. కారణం లేని తిరస్కారాన్ని మా వేదిక మీద ఓటమిగా లెక్కిస్తారు. మీ రంగంలో దాన్ని వృత్తి మర్యాద అంటారు కాబోలు.

కవరు తిరిగి వచ్చిన రోజు మేము నూడుల్సు అంగడిలో ఉన్నాము. హ్యోక్ అన్న కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"విప్పను కూడా విప్పలేదా?"

"లేదన్నా."

"జిగురు కూడా చెదరలేదే. మా అమ్మ నా మార్కుల కార్డును ఇంత జాగ్రత్తగా పెట్టేది. చూస్తే ఏడుపొస్తుందని" అని నవ్వాడు. ఆ నవ్వుకు జవాబుదారీ మీరే.

పరదేశీ యజమానుల వాక్యాలను మన భాషలోకి మోసి మోసి మీ నడుము వంగిపోయింది, నిజమే. కానీ మన ఊరి కుర్రవాడి కాగితం ఒక్కటి ఎత్తడానికి కూడా పనికిరానంతగా వంగిందని అనుకోలేదు. మీ సహాయం లేకుండానే ఇక్కడ ఓక్ గారనే పెద్ద వకీలు చేత దరఖాస్తు వేయించాము.

ఇంకొక్క మాట. ఈ యుద్ధం నేను మీ ముందు ఇప్పుడు మొదలుపెట్టలేదు. నిరుటి వసంతంలో, గ్రంథాలయం ఎదుటి గోడ మీద నేను అంటించిన గోడపత్రికను జ్ఞాపకం చేసుకోండి. "ఆలోచనకు యజమాని ఎవరు?" అని తలకట్టు పెట్టి, ఉదాహరణగా ఈ మడతబందు బొమ్మనే మూరెడు పొడవున వేశాను. గాడి, స్ప్రింగు, అమరిక, ఏదీ వదలలేదు. "రేపు దీన్ని ఏ విదేశీ సంస్థో తనదంటుంది, చూస్తూ ఉండండి" అని కింద రాశాను. అన్నను ముందు అడగలేదు. అడిగితే సిగ్గుపడి వద్దనేవాడు. రెండు వారాల పాటు విద్యార్థులు గుంపులు గుంపులుగా చదివారు. కళాశాల పత్రిక ఫోటో వేసింది. అమ్మ ఇచ్చిన తిండి డబ్బాతో మీరూ ఒక రోజు వచ్చారు. వానలో గొడుగు వేసుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, "నీ చేతిరాత పాడైపోయిందే" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు.

అప్పుడూ మౌనమే. ఇప్పుడూ మౌనమే. కనీసం మీలో నిలకడ ఉంది.

ఇట్లు,
తక్ యోన్‌జు


సియోల్,
డిసెంబరు 1997.

చిరంజీవి యోన్‌జుకు,

నన్ను "మీరు" అన్నావు. పదేళ్ళ వయసులో స్కేటింగు బూట్లు కొనిపెట్టలేదని ఒకసారి అన్నావు. అప్పుడు మూడు రోజులకు తగ్గింది.

నీ ఉత్తరానికి వరుసగా జవాబు చెప్పడం మన నియమం. ఈసారి తప్పుతున్నాను. ఒక్కటే అడుగుతున్నాను, అమ్మాయీ: ఇకమీదట నాకు రాసే ఉత్తరాల్లో ఆ మడతబందు మాట ఎత్తకు. ఆ గోడ సంగతి కూడా ఎత్తకు. అసలు రాయకుండా ఉండవలసింది. వాతావరణం గురించి రాయి. పరీక్షల గురించి రాయి. నన్ను తిట్టాలనుంటే ఊరికే తిట్టు, ఉదాహరణలు లేకుండా.

దేశం దివాలా అంచున ఉందని రేడియో రోజంతా చెబుతోంది. మా భవనంలో కింది అంతస్తు ఖాళీ అయింది. మన దేశపు కంపెనీలు కొత్త పనులు ఇవ్వడం మానేశాయి. మా కార్యాలయంలో దీపం వెలుగుతున్నదంటే ఒకే ఒక్క విదేశీ కంపెనీ పంపే పనుల వల్ల. నన్ను నమ్ముకుని ఆరుగురున్నారు. బొమ్మలు గీసే కిమ్ గారికి మొన్న మనవరాలు పుట్టింది. ఆయన సిగరెట్లు మానేసి, మానేసినందుకు అందరి మీదా విసుక్కుంటున్నాడు.

ఈ వృత్తిలోకి వచ్చినప్పుడు, కొత్తవాటిని అందరికంటే ముందు చూస్తానని సంబరపడ్డాను. నిజంగానే ముందు చూస్తాను. చూసినదాన్ని లోకానికి తెలిసేదాకా కడుపులో పెట్టుకుని, నా అక్క కూతురి ముందు కూడా రాయిలా కూర్చోవాలి. కడుపు అనేది అందుకోసం చేసినది కాదు.

ఈ చివరి పేరా కూడా రాయకుండా ఉండవలసింది. పోనీ, ఉండనీ.

పిన్ని


దేజోన్,
జనవరి 1998.

పిన్నీ,

తెలిసింది.

గోప్యంగా ఉంచే గడువు తీరింది కాబట్టి పేటెంటు కార్యాలయం ఒక దరఖాస్తును అచ్చువేసి బయటపెట్టింది. ఓక్ గారు చూసి కబురు చేశారు. సముద్రానికి అవతలి కంపెనీ, ఫోను మడతబందు, అలలాంటి గాడి, స్ప్రింగు. మొదట దాఖలు చేసినది వాళ్ళ దేశంలో, నిరుడు కాక అంతకుముందు ఏడు, వేసవిలో. కింద, ఇక్కడి ప్రతినిధి పేరు: హా గ్యోంగ్‌నాన్.

నీ పేరు అచ్చులో చూసి మొదట నాకు వచ్చినది కోపం కాదు. అంటించినది అంటించినట్టే తిరిగి వచ్చిన కవరు కళ్ళముందు కదిలింది. నువ్వు దాన్ని విప్పి ఉంటే రెండు పక్షాల రహస్యమూ నీ చేతిలో ఉండేది. విప్పలేదు. నేను దాన్ని నడుము వంగిపోవడమని రాశాను. ఆ వాక్యాన్ని వెనక్కు తీసుకుంటున్నాను. మిగతా వాటిని ఇంకా తీసుకోలేదు.

ఓక్ గారి గదిలో హీటరు పనిచేయడం లేదు. కోట్లు విప్పకుండానే కూర్చున్నాము. కళాశాల పత్రికలోని ఫోటో బల్ల మీద పెట్టాను.

"ఈ గోడపత్రిక నువ్వే రాశావా, అమ్మాయీ?"

"అవునండీ."

"బొమ్మ కూడా?"

"అవునండీ."

"బాగా వేశావు. ఒక్క గీతతో ఇద్దరి పీకలూ కోశావు."

ఆయన చెప్పినది ఇది, నీకు తెలియనిది కాదు. నలుగురి కళ్ళూ ఒకసారి పడ్డదాని మీద ఆ తరువాత ఎవరూ హక్కు అడగకూడదు. గోడపత్రిక వసంతంలో పడింది, కంపెనీ వేసవిలో వచ్చింది. కాబట్టి ఫోటో చూపిస్తే వాళ్ళది పోతుంది. కానీ మేము దాఖలు చేసినది ఆ వసంతం గడిచిన ఏడాదిన్నరకు. కాబట్టి అదే ఫోటోతో మాదీ పోతుంది. చూపించకపోతే? కంపెనీ మాకంటే ముందుంది గనుక మాది ఎలాగూ పోతుంది, పైగా వాళ్ళకు హక్కు వచ్చిన రోజున హ్యోక్ అన్న షెడ్డుకు తాళం పడుతుంది.

బయటికి వచ్చాక అన్న బస్సు టిక్కెట్లకు చిల్లర లెక్కపెట్టాడు. బస్సు స్టాపులో అన్నాడు: "అంటే, నాది కావడానికి దారి లేదు. వాళ్ళది కాకుండా చేయడానికి మాత్రం ఉంది."

"అన్నా, నన్ను తిట్టు."

"తిడితే నువ్వు జవాబు చెబుతావు. నాకు ఓపిక లేదు."

పంపమన్నాడు. పంపుతున్నాము. బయటపడిన దరఖాస్తు మీద ఎవరైనా సాక్ష్యం పంపవచ్చునట. అది నీ బల్ల మీదికే వస్తుందని తెలిసే పంపుతున్నాను.

అమ్మ నిన్న తన ఉంగరాన్ని దేశం అప్పు తీర్చడానికి అందరూ బంగారం ఇస్తున్న చోట ఇచ్చి వచ్చింది. వేలికి తెల్లటి మచ్చ మిగిలింది. దాన్ని రుద్దుకుంటూ టీవీ చూస్తోంది.

యోన్‌జు


దేజోన్,
మే 1998.

పిన్నీ,

చలికాలం నుంచీ నీ దగ్గరనుంచి ఒక్క ముక్క లేదు. ఎందుకో తెలుసు గనుక అడగను.

పేటెంటు కార్యాలయపు పరిశీలకుడు మా ఫోటోను లెక్కలోకి తీసుకుని కంపెనీ వకీలును సంజాయిషీ అడిగాడని ఓక్ గారు దస్త్రం చూసి చెప్పారు. ఆయన భూతద్దం పెట్టి ఫోటోను మళ్ళీ చూశారు.

"గాడి స్పష్టంగా ఉంది. స్ప్రింగు ఉన్న మూల మాత్రం కనబడదు. ఎవరో ఆడమనిషి గొడుగు వేసుకుని ఎదురుగా నిలబడింది, సరిగ్గా ఆ మూలకే అడ్డం వచ్చింది. స్ప్రింగు లేకపోతే అది వట్టి గాడి. అవతలి వకీలు తెలివైనదైతే ఆ మూలను పట్టుకునే లాగుతుంది."

"తెలివైనదేనండీ" అన్నాను.

"ఆ గొడుగావిడ దొరికితే బాగుండేది. మీ ఇద్దరూ స్ప్రింగు ఉందంటే ఎవరు నమ్ముతారు? ఆవిడ చెబితే నమ్ముతారు."

నేను నా బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. ముదురు ఆకుపచ్చ గొడుగు. ఒక కమ్మి వంకర. దాన్ని నీ పుట్టినరోజుకు కొన్నది నేనే.

అలాంటి సాక్షి పేరు నాలుక చివర ఉన్నప్పుడు మింగేయడం నాకు చేతకాదని నా స్నేహితులందరికీ తెలుసు. చెబితే గెలుస్తాము. చెబితే నువ్వు నీ యజమానికి ఎదురుసాక్షివి అవుతావు, ఆ ఆరుగురి కూడు పోతుంది. ఆ సాయంత్రం షెడ్డులో అన్నను అడిగాను.

"చెప్పేదా?"

ఆకురాయి ఆపకుండానే అన్నాడు: "వద్దులే. ఆవిడ వాన పడుతుంటే గొడుగు వేసుకుంది. అంతకంటే ఏ పాపమూ చేయలేదు."

"షెడ్డు పోతే?"

"పోతే మా మామయ్య దగ్గర ట్రాక్టర్లు బాగుచేస్తాను. నువ్వు అన్నిటినీ చివరిదాకా వాదించాలనుకుంటావు, యోన్‌జు. కొన్ని మధ్యలోనే బాగుంటాయి."

కాబట్టి చెప్పలేదు. నువ్వు రాయవలసినది రాయి, పిన్నీ. ఫోటోలో స్ప్రింగు లేదని రాస్తే అది అబద్ధం కాదు. ఫోటోలో నిజంగానే లేదు. అలా వాదించడం ఎలాగో నీకు తెలుసు, నాకూ తెలుసు. ఇలాంటి వాదనలతోనే నేను కప్పులు గెలుచుకున్నాను.

ఈసారి నాకు జవాబు అక్కర్లేదు.

యోన్‌జు


సియోల్,
జూలై 1998.

యోన్‌జూ,

ఆ పని ఇప్పుడు నా చేతిలో లేదు. కాబట్టి రాస్తున్నాను. ఎవరికి ఏమి రాశానో అడగకు. ఆ ఫోటోలో వీపు చూపిస్తూ నిలబడ్డది ఎవరో, ముందుగా ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పాను. అంతే.

జవాబు రాయడానికి కూర్చోలేదని అనుకోకు. కూర్చున్నాను. ఏ రెండు వస్తువుల మధ్యనైనా ఒక తేడాను కనిపెట్టడం నా చేతికి అలవాటైపోయింది, మనసు అడ్డుపడకముందే వేళ్ళు టైపు చేసేస్తాయి. "సదరు చిత్రంలో స్ప్రింగు కానరాదు" అని సగం టైపు చేశాను. కానరాకపోవడానికి అడ్డు నేనే. ఆ రోజు నేను నీ అక్షరాలు మాత్రమే చూశాననుకున్నాను. వృత్తి కళ్ళు బొమ్మను కూడా చూసేశాయి. ఎన్ని చుట్ల స్ప్రింగు వేశావో కూడా చెప్పగలను. అలాంటప్పుడు ఆ వాక్యానికి చుక్క ఎలా పెట్టను?

కిమ్ గారు కాగితం మీదుగా తొంగి చూశాడు.

"అమ్మా, ఆ గొడుగు మన తలుపు వెనక ఉన్నదానిలా ఉందే."

"మన తలుపు వెనకదే."

ఆయన వెళ్ళి గొడుగు తెచ్చి, వంకర కమ్మిని సరిచేయబోయి, మానేసి, తిరిగి అక్కడే తగిలించాడు. "సరే, సిగరెట్లు మళ్ళీ మొదలుపెడతాను" అన్నాడు.

కంపెనీ తన పనులన్నీ వేరే కార్యాలయానికి మార్చుకుంది. మర్యాదగానే మార్చుకుంది. ఇప్పుడు ఆరుగురిలో ముగ్గురే మిగిలారు. వెళ్ళిన వాళ్ళలో ఇద్దరికి పని దొరికింది. మూడో అమ్మాయికి ఇంకా దొరకలేదు, రోజూ ఆమె కోసం నలుగురికి ఫోను చేస్తున్నాను. నువ్వు ఆ పేరు మింగినందుకు నీకు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అది కాగితం మీద రాదు.

కానీ ప్రతివాదిగా ఒక్క మాట చెప్పకపోతే నన్ను నువ్వు గౌరవించవు. ఆ అచ్చు కాగితంలో నువ్వు కంపెనీ పేరు చదివావు, నా పేరు చదివావు. వాటికి మధ్య ఇంకొక పేరు ఉంది: దాన్ని కనిపెట్టిన మనిషిది. అతను హ్యోక్ బొమ్మను దొంగిలించలేదు. నీ గోడను చూడలేదు. ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చుని, అదే వేలితో అదే మూతను వెయ్యిసార్లు ఎత్తి ఉంటాడు. నీ గోడపత్రికలో దొంగ ఉన్నాడు. నేను చూసిన చోట అలసిపోయిన మనుషులు ఇద్దరు ఉన్నారు.

పిన్ని


దేజోన్,
అక్టోబరు 1998.

పిన్నీ,

కొత్త వకీలు జవాబు దాఖలు చేయలేదు. గడువు గడిచింది, కంపెనీ దరఖాస్తు పడిపోయింది. ఆ తరువాతి వారం, అదే గోడపత్రిక కారణంగా, మాదీ పడిపోయింది. ఓక్ గారు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, "అమ్మాయీ, ఆలోచనకు యజమాని ఎవరూ లేరని రాశావు. ప్రభుత్వం ముద్ర వేసి ఒప్పుకుంది. ఇలాంటి విజయం నేను చూడలేదు" అన్నారు. వెక్కిరించారో, మెచ్చుకున్నారో తేల్చుకోలేకపోయాను. నేను తేల్చుకోలేకపోవడం చూసి ఆయన నాకు బత్తాయి ఒలిచి ఇచ్చారు.

షెడ్డు ఉంది. హ్యోక్ అన్న మడతబందులు చేస్తున్నాడు. టీ తాగి వెళ్ళిన ఆ ఇద్దరూ చేస్తున్నారు, అతనికంటే చవకగా. మొన్న బస్సులో నా పక్కన కూర్చున్నామె పెద్ద కంపెనీ వాళ్ళ కొత్త ఫోను తీసి వేలితో సగం ఎత్తింది. మిగతా సగం అదే లేచి, చెంప దగ్గర నిలబడింది. టిక్కుమని చిన్న చప్పుడు. నాలుగు స్టాపుల దాకా ఆమె దాన్ని తెరుస్తూ మూస్తూ ఉంది. ఇది మా అన్నదని ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఏ వాదంతో చెప్పను? అతనిది కాదని నేనే నిరూపించాను.

అన్నకు చెబితే, "బాగా లేస్తోందా?" అని అడిగాడు.

"లేస్తోంది."

"అయితే వాళ్ళు స్ప్రింగు సరిగ్గానే పెట్టారు. నాది అందరిదీ అయిందిలే. ఆ అందరిలో నేనూ ఒకణ్ణి" అన్నాడు. అందులో నిష్ఠూరం ఉందేమోనని వెతికాను. ఉంది. కొంచెమే ఉంది. అది నా వాటా, ఉంచుకుంటాను.

ఈ నెల చర్చలో పాల్గొనడం లేదు. గొంతు బాగాలేదని చెప్పాను. గొంతు బాగానే ఉంది.

ఈ పొట్లం అన్న పంపాడు. "పిన్నిగారికి" అన్నాడు, ఇంకేమీ చెప్పలేదు. ఈసారి విప్పు.

నీ
యోన్‌జు


సియోల్,
నవంబరు 1998.

నా యోన్‌జుకు,

విప్పాను.

కళ్ళజోడు పెట్టె. చెక్క నాసిరకం, పాలిషు ఒక పక్కనే ఉంది. అతనికి చెక్కపని రాదు. మూతను వేలితో సగం ఎత్తాను. మిగతా సగం అదే లేచింది. మూడో అమ్మాయికి నిన్న పని దొరికింది. కబురు చెప్పడానికి వచ్చి, తనూ నాలుగుసార్లు ఎత్తి చూసి వెళ్ళింది.

పేటెంటు కార్యాలయం వేసవిలో లారీలెక్కి మీ ఊరికి తరలిపోయింది. ఇరవై ఏళ్ళుగా నడిచి వెళ్ళిన చోటికి ఇప్పుడు రైలెక్కాలి. ఎక్కే పనులు కూడా తగ్గాయి. అయినా క్యాబేజీల వారంలో వస్తాను. మీ అమ్మతో చెప్పు, ఉప్పు రాసే పని నాకు ఇవ్వవద్దని. కూర్చుని వెల్లుల్లి ఒలుస్తాను. హ్యోక్‌ను కూడా పిలువు. మీ నూడుల్సు అంగడిలో నా వంతు నేను తింటాను. అక్కడ ఎవరమూ ఏమీ వాదించవద్దు, నీకు గొంతు బాగున్నా సరే.

ఫాక్సు యంత్రం కింద ఈ ఉదయం ఒక్క కాగితమే ఉంది, అదీ ఎవరో పొరపాటున పంపినది. గది నిశ్శబ్దంగా ఉంది. పెట్టె నా ముందు ఉంది. "మూతయు, దానిని ఆధారపీఠమునకు కలుపు మడతబందును, అందు తరంగాకారపు గాడియు..." అని వాక్యం దానంతట అదే తలలో మొదలైంది. ఇలాంటి వాటిని మాటల్లో బంధించడమే నా జీవితమంతా చేసిన పని; ఇంకెవరూ చొరబడలేనంత గట్టిగా బంధించగలను.

వాక్యాన్ని సగంలో వదిలేశాను. ఊరికే తెరుస్తూ, మూస్తూ కూర్చున్నాను.

నీ పిన్ని